విద్యార్థుల షార్ట్ ఫిల్ములు: ఎవరి కోసం, ఏ వయసుకి?

కాలేజీ ప్రాజెక్టు కోసమో, ఫెస్టివల్‌కి పంపడానికో షార్ట్ ఫిల్ములు తీస్తున్న పాఠకులు సెన్సార్ గురించి, ప్రేక్షకుల వయసు గురించి అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఒకే సందేహం రెండు మూడు ఉత్తరాల్లో కనిపిస్తే కలిపేశాం.

*మేం ఆరుగురం కలిసి 14 నిమిషాల సినిమా తీశాం. ముందు కాలేజీ ఫెస్ట్‌లో వేసి, తర్వాత యూట్యూబ్‌లో పెడదామని ఉంది. సెన్సార్ తప్పనిసరా? మొదట్లో ‘యూ’ సర్టిఫికెట్ లాంటి కార్డు ఒకటి డిజైన్ చేసి తగిలిస్తే చాలని మా సీనియర్ అంటున్నాడు.*
*— బీటెక్ విద్యార్థి, వరంగల్*

ముందు ఆ సీనియర్ సలహా పక్కన పెట్టేయండి. ఆ కార్డు ప్రభుత్వ సంస్థ అయిన సెన్సార్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్. ఇష్టమొచ్చినట్టు తయారుచేసి తెర మీద వేస్తే అది సరదా కాదు, లేని సర్టిఫికెట్‌ని ఉన్నట్టు చూపించడం. సినిమాకి అందం రాదు సరికదా, రేపు ఏ ఫెస్టివల్ వాళ్ళయినా సర్టిఫికెట్ నంబరు అడిగితే నోట మాట రాదు.

సెన్సార్ కావాలా వద్దా అన్నది సినిమా నిడివిని బట్టి ఉండదు, ఎక్కడ వేస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం బహిరంగ ప్రదర్శనకి వర్తిస్తుంది. తరగతి గదిలో మీ అధ్యాపకులు మార్కులు వేయడానికి చూసేది బహిరంగ ప్రదర్శన కాదు. టికెట్టు పెట్టి, ఊళ్ళో వాళ్ళని కూడా రానిస్తూ థియేటర్ అద్దెకి తీసుకుని వేస్తే అవుతుంది. కాలేజీ ఫెస్ట్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. బయటి కాలేజీల వాళ్ళు, టికెట్లు, స్పాన్సర్లు ఉంటే అది మీ క్లాసు వ్యవహారం కాదని గుర్తుపెట్టుకుని, ప్రిన్సిపాల్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ప్రేక్షకుల్ని విద్యార్థులకీ అధ్యాపకులకీ పరిమితం చేయండి. సర్టిఫికెట్ లేని సినిమాని బహిరంగంగా ప్రదర్శిస్తే చట్టంలో మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. అది తెలిశాక కూడా ఆడిస్తూ పోతే రోజుకి మరో 20 వేల దాకా అదనం.

ఫిల్మ్ ఫెస్టివళ్ళకి వేరే దారి ఉంది. అదే చట్టం 9వ సెక్షన్ కింద మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. దానికి దరఖాస్తు చేసుకోవాల్సింది ఫెస్టివల్ నిర్వాహకులు, మీరు కాదు. ఎంట్రీ పంపేముందు ‘మీ ఫెస్టివల్‌కి మినహాయింపు ఉందా, సెన్సార్ సర్టిఫికెట్ అడుగుతారా’ అని ఒక్క మెయిల్ పెట్టి అడగండి. జవాబు రాని చోట ఎంట్రీ ఫీజు కట్టకండి.

యూట్యూబ్‌లో పెట్టడానికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అక్కడి షరతులు వేరు, వాటి గురించి కింద ఇంకో ప్రశ్నలో రాశాం.

*యూఏ 16+ వస్తే పదహారేళ్ళ లోపు వాళ్ళని హాల్లోకి రానివ్వరా? మా సినిమాకి ఏ సర్టిఫికెట్ వస్తుందో ముందే అంచనా వేసుకోవడం ఎలా?*
*— మాస్ కమ్యూనికేషన్ విద్యార్థిని, విజయవాడ*

రానిస్తారు. 2023లో చట్టాన్ని సవరించి పాత యూఏని మూడు ముక్కలు చేశారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఇవి తల్లిదండ్రులకి సూచనలు మాత్రమే. పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి యూఏ 16+ సినిమాకి తీసుకెళ్ళాలా వద్దా అన్నది ఇంట్లో పెద్దవాళ్ళ నిర్ణయం. గేటు దగ్గర ఆపే బాధ్యత ఉన్నది ‘ఏ’ సర్టిఫికెట్‌కి ఒక్కదానికే, పద్దెనిమిది నిండనివాళ్ళకి అది పూర్తిగా మూసిన తలుపు. ‘యూ’ అందరూ చూడదగ్గది. ‘ఎస్’ అని ఇంకొకటుంది, డాక్టర్ల లాంటి ఒక వృత్తి వాళ్ళకే చూపించే సినిమాలకి. మీకు దాని అవసరం పడదు.

కాబట్టి మీరు నిజంగా భయపడాల్సిన గీత యూఏ 16+కీ ఏకీ మధ్యలో ఉంది. మిగతా గీతలు అటూ ఇటూ జరిగితే పోస్టర్ మీద అంకె మారుతుంది. ఈ గీత దాటితే ప్రేక్షకులే మారిపోతారు.

అంచనాకి మేం చెప్పే పద్ధతి కాస్త శ్రమతో కూడుకున్నది, కానీ పనిచేస్తుంది. స్క్రిప్టు పూర్తయ్యాక ఒక పట్టిక గీయండి. సీను నంబరు, తెర మీద కనిపించేది, వినిపించేది, దాని తీవ్రత సున్నా నుంచి మూడు దాకా, తీసేస్తే కథ నిలుస్తుందా లేదా. హింస, భయం, బూతు, శృంగారం, మత్తు, చూసి అనుకరించే ప్రమాదం — ఈ ఆరింటిలో ఏదైనా ఉన్న ప్రతి సీనూ అందులో రాయండి. ఎడిటింగ్ అయ్యాక అదే పట్టిక మళ్ళీ నింపండి. రెండో పట్టిక ఎప్పుడూ మొదటిదానికంటే ఘాటుగానే వస్తుంది, ఎందుకంటే కాగితం మీద శబ్దం ఉండదు. ‘వాడు వీణ్ణి కొట్టాడు’ అని రాసుకున్న సీనుకి సౌండ్ చేసే కుర్రాడు ఎముక విరిగిన చప్పుడు కలిపాడంటే తీవ్రత ఒక మెట్టు పైకెక్కినట్టే.

అంకెలు వేసేటప్పుడు సగటు తీయకండి. పట్టికలో అన్నిటికంటే ఎక్కువ అంకె పడ్డ సీన్లే సర్టిఫికెట్‌ని లాగుతాయి. ‘మా సినిమాలో పదమూడు నిమిషాలు చాలా మంచిగా ఉంటాయండీ’ అన్న వాదన పద్నాలుగో నిమిషానికి అడ్డుపడదు. అలాగని ప్రతి సీనునీ విడదీసి మాత్రమే చూస్తారనీ అనుకోవద్దు. మొత్తం సినిమా కలిగించే ప్రభావాన్ని బట్టి తీర్పు చెప్పాలని బోర్డు మార్గదర్శకాల్లోనే ఉంది. హింస చేసినవాణ్ణి కథ హీరోని చేసిందా, దాని పర్యవసానం చూపించిందా అన్నది లెక్కలోకి వస్తుంది.

ఒక ఉదాహరణ. ఇద్దరు కుర్రాళ్ళ గొడవలో కత్తి బయటికొచ్చింది. కత్తి దిగడం దగ్గరగా, రక్తంతో సహా చూపిస్తే తీవ్రత మూడు. కెమెరాని చూస్తున్న మూడోవాడి ముఖం మీద పెట్టి శబ్దం మాత్రం వినిపిస్తే రెండు. కత్తి తీయడం దగ్గర కట్ చేసి, మరుసటి రోజు ఆస్పత్రి వరండాలో తల్లిని చూపిస్తే ఒకటి. కథ మూడింటిలోనూ ఒకటే. బడ్జెట్ లేని విద్యార్థులకి మూడోదే చవక కూడా. నాసిరకం కృత్రిమ రక్తం చూసి హాల్లో నవ్వుతారనే భయమూ ఉండదు.

*సర్టిఫికెట్ తీసుకోవాలనే నిర్ణయించుకున్నాం. ఎక్కడ, ఎలా?*
*— షార్ట్ ఫిల్మ్ బృందం, తిరుపతి*

దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో. తెలుగు రాష్ట్రాల వాళ్ళకి ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 72 నిమిషాల లోపు సినిమా పొట్టి సినిమాల లెక్కలోకి వస్తుంది, చూసే కమిటీ కూడా చిన్నదే. కథాసంగ్రహం, మొత్తం సంభాషణలూ పాటల సాహిత్యమూ ఉన్న సెన్సార్ స్క్రిప్టు, నిడివి వివరాలు సిద్ధం చేసుకోండి.

పని ఆగిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. స్క్రిప్టులో ఉన్న డైలాగు ఒకటి, తెర మీద వినిపించేది ఇంకొకటి కావడం మొదటిది. డబ్బింగ్‌లో మారిన ప్రతి మాటనీ స్క్రిప్టులో దిద్దాలి. ఎడిటింగ్ పూర్తిగా అవకుండానే పంపించేయడం రెండోది. సర్టిఫికెట్ వచ్చాక ఒక్క షాటు కలిపినా తీసినా మళ్ళీ బోర్డుకి తెలిపి నమోదు చేయించుకోవాలి. రంగులు, శబ్దం, టైటిళ్ళు అన్నీ ముగిశాకే దరఖాస్తు నొక్కండి. వచ్చిన సర్టిఫికెట్‌ని సినిమా మొదట్లో పది సెకన్ల పాటు చూపించాలి.

ఇచ్చిన వర్గం నచ్చకపోతే, బోర్డులోనే సినిమాని మళ్ళీ చూసే రివైజింగ్ కమిటీకి వెళ్ళొచ్చు. ఆ తర్వాత హైకోర్టే. మధ్యలో ఉండే అప్పిలేట్ ట్రైబ్యునల్‌ని 2021లో రద్దు చేశారు. ఒక షార్ట్ ఫిల్మ్ కోసం హైకోర్టు దాకా వెళ్ళే ఓపికా డబ్బూ ఎవరికి ఉంటాయి? అందుకే స్క్రిప్టు దశలోనే పట్టిక గీయమని అంతగా చెబుతున్నాం. 2023 సవరణతో ఒక మేలు జరిగింది. సర్టిఫికెట్‌కి ఉండే పదేళ్ళ గడువు పోయింది, ఒకసారి తీసుకుంటే ఎప్పటికీ చెల్లుతుంది.

*ఇంటర్ ఫలితాల తర్వాత ప్రాణం తీసుకున్న అబ్బాయి కథతో సినిమా రాశాను. ఇంటర్ పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ చూడాలని నా కోరిక. చివరి సీను ఉన్నదున్నట్టు చూపిస్తేనే కదిలిస్తుందని మా టీమ్, వద్దని మా లెక్చరర్. ఏది సరైంది?*
*— డిగ్రీ విద్యార్థి, నెల్లూరు*

మీ లెక్చరర్ చెప్పింది సరైంది. కారణం సెన్సార్ ఒక్కటే కాదు.

ముందు ప్రేక్షకుల లెక్క చూద్దాం. ఇంటర్ పిల్లల వయసు పదిహేను నుంచి పదిహేడు. ఆ సీనుని వివరంగా తీసి ‘ఏ’ తెచ్చుకుంటే ఎవరి కోసం రాశారో వాళ్ళలో ఒక్కరు కూడా హాల్లో మీ సినిమా చూడలేరు. యూట్యూబ్‌లో వయసు పరిమితి పడితే ఫోన్‌లోనూ చూడలేరు. ఏ జూనియర్ కాలేజీ ప్రిన్సిపాలూ దాన్ని ఆడిటోరియంలో వేయనివ్వరు.

ఇప్పుడు అసలు కారణం. తెర మీద ఆత్మహత్యని ఎలా చేశారో వివరంగా చూపిస్తే, అప్పటికే కుంగిపోయి ఉన్న కుర్రవాళ్ళ మీద దాని ప్రభావం ప్రమాదకరంగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సినిమావాళ్ళ కోసమే 2019లో ఒక మార్గదర్శిని విడుదల చేసింది. దాన్ని మీ స్క్రిప్టుకి అన్వయిస్తే ఇలా ఉంటుంది. పద్ధతి, వాడిన వస్తువు, స్థలం చూపించొద్దు, మాటల్లోనూ చెప్పొద్దు. చనిపోయేముందు రాసిన ఉత్తరం చదివి వినిపించే సీను ఉంటే తీసేయండి, అది చావుకి కవిత్వం అద్దుతుంది. ‘మార్కులు తక్కువొచ్చాయి కాబట్టి’ అని ఒకే కారణానికి ముడిపెట్టొద్దు. నిద్ర లేకపోవడం, స్నేహితులకి దూరమవడం, ఇంట్లో పోలికలు, అడగడానికి మనిషి లేకపోవడం, ఇవన్నీ కలిసి పెరిగినట్టు చూపించండి. వాడు పోయాక అందరూ పశ్చాత్తాపపడి, లెక్చరర్లు కన్నీళ్ళు పెట్టుకుని, కాలేజీ మారిపోయినట్టు ముగించే సినిమాలు చాలా వస్తున్నాయి. ‘పోతేనే నా విలువ తెలుస్తుంది’ అన్న మాటని పదిహేడేళ్ళ పిల్లలకి అంతకంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు. ఆ ముగింపు మానేయండి.

మా అభిప్రాయం అడిగితే, అబ్బాయి బతికే కథే రాయమంటాం. అంచు దాకా వెళ్ళి, ఎవరో ఒకరు అడిగితే నోరు విప్పి, వెనక్కి వచ్చిన కథ. అది తీయడం కష్టం, ఎందుకంటే ‘ఎవరో అడిగారు’ అన్న సీనులో నాటకం ఉండదు. అందులోనే మీ రచన బయటపడుతుంది. రూమ్మేట్ ఏం గమనించాడు, ఎలా అడిగాడు, వీడు మొదట ఏం అబద్ధం చెప్పాడు, ఎప్పుడు నిజం చెప్పాడు — ఇవి వివరంగా చూపించండి, ఎంత వివరమైనా పరవాలేదు. ఇక్కడ అనుకరిస్తే మేలే.

కథాంశం సున్నితమైనదైనంత మాత్రాన ‘ఏ’ రాదు, చూపించిన తీరుని బట్టి వస్తుంది. పై విధంగా తీస్తే యూఏలో ఏదో ఒక మెట్టు అడగడానికి మీ దగ్గర బలమైన వాదన ఉంటుంది. సినిమా ముందు ‘ఇందులో ఆత్మహత్య ఆలోచనల ప్రస్తావన ఉంది’ అని ఒక కార్డు, చివర్లో టెలి-మానస్ నంబరు 14416 వేయండి. అది ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సహాయ నంబరు, తెలుగులోనూ మాట్లాడతారు. కార్డుని రెండు సెకన్లలో మాయం చేయొద్దు, నంబరు ఫోన్‌లో నొక్కుకునేంత సేపు, కనీసం ఎనిమిది సెకన్లయినా, నిశ్శబ్దంగా ఉంచండి.

ఇంకో మాట. పిల్లలూ తల్లిదండ్రులూ ఇద్దరూ చూడాలన్నారు. రెండు రకాల ప్రేక్షకుల్ని ఒకే సినిమాతో పట్టుకోవచ్చు, కానీ ఎవరి వైపు నుంచి కథ నడుస్తోందో ఒకటే ఉండాలి. రూమ్మేట్ కళ్ళతో చెబితే పిల్లల సినిమా అవుతుంది, తల్లిదండ్రులు పక్కన కూర్చుని వింటారు. తండ్రి కళ్ళతో చెబితే పెద్దల సినిమా, పిల్లలు పదో నిమిషంలో ఫోన్ తీస్తారు. ఆ అబ్బాయి పాత్ర చేస్తున్న నటుణ్ణి కూడా గమనిస్తుండండి. ఆ సీన్లు వరసగా రోజంతా తీయకండి.

*హీరో సిగరెట్ తాగే సీను ఒక్కటే ఉంది, పది సెకన్లు. దానికి కూడా హెచ్చరిక వేయాలా?*
*— ఫిల్మ్ క్లబ్ సభ్యుడు, విశాఖపట్నం*

వేయాలి, థియేటర్‌లో వేసే ఉద్దేశం ఉంటే. లెక్క కట్టి చూడండి. పొగాకు చట్టం నిబంధనల ప్రకారం మొదట్లో, మధ్యలో కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన. మళ్ళీ మొదట్లో, మధ్యలో కనీసం 20 సెకన్ల హెచ్చరిక. మొత్తం 100 సెకన్లు. ఇది కాక సిగరెట్ కనిపించినంత సేపూ కింద హెచ్చరిక అక్షరాలు. బ్రాండు పేరు కనిపించకూడదు. ఆ సీను ఎందుకు అవసరమో బోర్డుకి గట్టి కారణం రాసివ్వాలి. పది నిమిషాల సినిమాలో పది సెకన్ల పొగ కోసం నిమిషం నలభై సెకన్లు ప్రకటనలకి రాసిచ్చేయడమే కాకుండా, నడిమధ్యలో కథని ఆపుకోవాలి.

హీరో ఆందోళనలో ఉన్నాడని చెప్పడానికే అయితే వాడి చేతికి ఇంకేదైనా ఇవ్వండి. బాల్‌పెన్ను టకటకలాడించడం, గోళ్ళు కొరుక్కోవడం, ఫోన్ తిరగేసి పెట్టి మళ్ళీ తీయడం. సిగరెట్ లేకపోతే ఆ పాత్రే లేదన్నప్పుడు మాత్రం ఉంచుకోండి.

*మా సినిమాలో బూతుల్ని బీప్ చేశాం. అయినా యూఏ 16+ అన్నారు. ఎందుకు?*
*— అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరబోతున్న విద్యార్థి, హైదరాబాద్*

సినిమా చూడకుండా కచ్చితంగా చెప్పలేం కానీ, ఇలాంటి సందర్భాల్లో ముందు చూడాల్సింది ఇంగ్లిష్ సబ్‌టైటిళ్ళని. తెలుగులో బీప్ పడిన చోట కింద అక్షరాల్లో ఇంగ్లిష్ బూతు పూర్తిగా ఉండిపోతుంది. పైగా సబ్‌టైటిల్ రాసిన స్నేహితుడు ‘వెధవ’ లాంటి ఇంట్లో తిట్టే తిట్టుని కూడా ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల ఘాటైన పదంగా మార్చేస్తాడు. సంభాషణలు ఒక వర్గం, సబ్‌టైటిళ్ళు ఇంకో వర్గం అయిపోతాయి.

బీప్ వేసినా పెదాలు దగ్గరగా కనిపిస్తే మాట అర్థమైపోతుంది. బీప్ చప్పుడు ‘ఇక్కడో బూతుంది’ అని చాటింపు వేస్తుంది కూడా. మాట మొదటి అక్షరం దగ్గరే మ్యూట్ చేసి, వెనక ఫ్యాను శబ్దమో రోడ్డు శబ్దమో అలాగే నడిపిస్తే మెరుగు. అన్నిటికంటే మంచిది డబ్బింగ్‌లోనే ఇంకో వాక్యం రాసుకోవడం. కులం పేరుతో, శరీర లోపంతో, స్త్రీలని కించపరుస్తూ తిట్టే తిట్లు మాత్రం బీప్‌తో కూడా వద్దు. అవి వర్గం మార్చడంతో ఆగవు, నేరుగా అభ్యంతరాల్లోకి వెళ్తాయి.

*ప్రాజెక్టు ఫారంలో ‘లక్ష్య ప్రేక్షకులు’ అన్న చోట ‘అన్ని వయసుల వారు’ అని రాస్తే మా మేడమ్ కొట్టేశారు. యూ సర్టిఫికెట్ సినిమాకి అందరూ ప్రేక్షకులే కదా?*
*— మాస్ కమ్యూనికేషన్ విద్యార్థి, కర్నూలు*

కాదు. యూ అంటే అందరూ చూడొచ్చు, అందరికీ చూడాలనిపిస్తుందని కాదు. రైతుబజార్లో కూరగాయల ధరల మీద డాక్యుమెంటరీ తీస్తే యూ వస్తుంది, ఎనిమిదేళ్ళ పిల్ల దాన్ని చూస్తుందా? సర్టిఫికెట్ బోర్డు ఇస్తుంది, ప్రేక్షకుల్ని మీరు ఎంచుకోవాలి. మేడమ్ గారు అడిగింది రెండోది.

ఆ గడిలో వయసు ఒక్కటే రాస్తే సరిపోదు. వయసు, ఎక్కడ ఉంటారు, రోజులో ఎప్పుడు, దేని మీద చూస్తారు, ఇప్పటికే ఈ విషయం గురించి వాళ్ళకేం తెలుసు, ఇవన్నీ ఒకే వాక్యంలో పట్టాలి. ‘17–21 ఏళ్ళ, ఊరి నుంచి వచ్చి నగరంలో హాస్టల్లో ఉంటూ రాత్రి పదకొండు తర్వాత ఫోన్‌లో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసే అమ్మాయిలు’ అని రాస్తే పని మొదలైనట్టు. ఆ వాక్యం మీ కెమెరామన్‌కి కూడా ఉపయోగపడుతుంది. ఫోన్ తెర అయితే దూరపు షాట్లలో ముఖకవళికలు కనబడవు, రాత్రి సీన్లు మరీ చీకటిగా ఉంటే ఏమీ కనబడదు. ఇయర్‌ఫోన్స్ ఉంటాయి కాబట్టి గుసగుసలు వాడుకోవచ్చు. మొదటి పదిహేను సెకన్లలో టైటిళ్ళు వేస్తూ కూర్చుంటే వేలు పైకి జరిపేస్తుంది.

రఫ్ కట్ (మొదటి విడత ఎడిటింగ్) అయ్యాక ఆ వాక్యంలోని మనుషుల్నే ఎనిమిది పది మందిని పిలిచి చూపించండి. మీ స్నేహితులు వద్దు, సినిమాలో నటించినవాళ్ళ కజిన్లు అసలే వద్దు. ముందు కథ చెప్పకండి. చూస్తున్నంత సేపూ తెరని కాదు, వాళ్ళని చూడండి. ఎవరు ఎప్పుడు కదిలారో, ఫోన్ తీశారో నిమిషం సెకన్లతో రాసుకోండి. అయ్యాక ‘బాగుందా’ అని అడిగితే ‘బాగుంది అన్నా’ అంటారు, దానికి విలువ లేదు. కథ వాళ్ళ మాటల్లో చెప్పమనండి. ఏ పాత్ర పేరు గుర్తుంది, ఎక్కడ అర్థం కాలేదు, ఇంట్లో ఎవరితో కలిసి చూడడానికి ఇబ్బంది పడతారు అని అడగండి. ఆఖరి ప్రశ్నకి వచ్చే జవాబు మీ తీవ్రత పట్టికని సరిచూస్తుంది. నలుగురు ఒకే సీను పేరు చెబితే మళ్ళీ ఎడిటింగ్‌కి కూర్చోవాల్సిందే.

*చిన్నపిల్లల నీతికథని తోలుబొమ్మలతో తీశాం. యూట్యూబ్‌లో ‘పిల్లల కోసం’ అని పెట్టాలా? పెడితే వ్యూస్ తగ్గుతాయంటున్నారు.*
*— డీఎడ్ విద్యార్థిని, కాకినాడ*

నిజంగా చిన్నపిల్లల్ని ఉద్దేశించి తీసినదైతే పెట్టాల్సిందే. అది మీ ఇష్టానికి వదిలేసిన గడి కాదు, అమెరికాలో పిల్లల వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే చట్టం వల్ల 2020 నుంచి యూట్యూబ్ ప్రపంచమంతటా అడుగుతున్నది. పెట్టినప్పుడు కామెంట్లు ఆగిపోతాయి, చివర్లో వచ్చే ఎండ్ స్క్రీన్, కార్డులు పనిచేయవు, వ్యక్తిగత ప్రకటనలు రావు. కాబట్టి ‘కింద కామెంట్ చేయండి పిల్లలూ’ అని బొమ్మతో చెప్పించకండి. తర్వాతి కథ పేరుని సినిమాలోనే, ఆఖరి షాటులో చూపించండి.

పిల్లలు నటించినంత మాత్రాన పిల్లల సినిమా అవదన్నదీ గుర్తుంచుకోండి. బాల్యం గురించి పెద్దవాళ్ళ కోసం తీసిన సినిమాకి ‘పిల్లల కోసం కాదు’ అనే పెట్టాలి. దీనికి పూర్తిగా వేరే గడి వయసు పరిమితిది. పద్దెనిమిది దాటినవాళ్ళకే అని పెడితే లాగిన్ అవకుండా ఎవరూ చూడలేరు, వేరే వెబ్‌సైట్లలో చాలావాటిలో ఆ వీడియో ఆడదు. ఈ రెండు గడుల్నీ కలగలిపి, యూఏ స్థాయి సినిమాకి భయంతో వయసు పరిమితి పెట్టేసుకునేవాళ్ళు ఉన్నారు. ఆ అవసరం లేదు.

*మా అమ్మాయి ఇక్కడ ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) మీడియా స్టడీస్ చదువుతోంది. ప్రాక్టికల్‌గా చేసే వీడియోకి వయసు రేటింగ్ చెప్పి సమర్థించాలట. మన సెన్సార్ లెక్కతో చెబితే సరిపోతుందా అండీ?*
*— ఒక తల్లి, లెస్టర్, ఇంగ్లండ్*

సరిపోదండీ, బ్రిటిష్ బోర్డు బీబీఎఫ్‌సీ లెక్కలోనే చెప్పాలి. సినిమా హాళ్ళలో అక్కడి మెట్లు యూ, పీజీ, 12ఏ, 15, 18. మనవైపు నుంచి చూసేవాళ్ళు పొరబడేది 15 దగ్గర. మన యూఏ 16+ సలహా, వాళ్ళ 15 నిషేధం. పద్నాలుగేళ్ళ పిల్లని నాన్న వెంటబెట్టుకుని వచ్చినా హాల్లోకి రానివ్వరు. 12ఏలో పన్నెండు లోపు పిల్లలు పెద్దవాళ్ళతో వస్తే చూడొచ్చు. పీజీ సినిమా ఎనిమిదేళ్ళు, ఆపై పిల్లల్ని కలవరపెట్టకూడదన్నది వాళ్ళ కొలమానం.

ఆ కోర్సులో ప్రాక్టికల్‌కి 30 శాతం మార్కులు. ప్రశ్నపత్రంలోనే ఎవరి కోసం తీయాలో ఇస్తారు, అమ్మాయి దాన్ని దాటి వెళ్ళకూడదు. సమర్థించేటప్పుడు ‘హింస తక్కువగా ఉంది’ అని రాస్తే మార్కులు రావు. బీబీఎఫ్‌సీ మాటల్లో, సీను చూపించి రాయాలి. ఉదాహరణకి, బెదిరింపు ఒక మోస్తరుగా ఉంది, గాయం దగ్గరగా చూపించలేదు, గట్టి బూతు ఒక్కసారే వచ్చింది, కాబట్టి 15 కాదు 12ఏ అని. వాళ్ళ మార్గదర్శకాలు 2024లో మారాయి, పాత నోట్సు చూసి రాయొద్దని చెప్పండి. బీబీఎఫ్‌సీ గుర్తులు ట్రేడ్‌మార్కులు. పోస్టర్ మీద వాటిని అతికించేముందు టీచర్‌ని అడగాలి. బయట ఆన్‌లైన్‌లో పెట్టే కాపీలో మాత్రం వాటిని తీసేయడం క్షేమం.

*తొమ్మిదేళ్ళ పాపతో, ఒక పెంపుడు కుక్కతో షూటింగ్ ఉంది. సర్టిఫికెట్‌కి దీనికీ సంబంధం ఉందా?*
*— ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి, హైదరాబాద్*

కుక్కకి ఉంది. జంతువు కనిపించే సినిమాకి జంతు సంక్షేమ బోర్డు అనుమతి పత్రం సెన్సార్ దగ్గర అడుగుతారు. షూటింగ్‌కి ముందే దరఖాస్తు చేసుకోవాలి, అయిపోయాక పరుగెత్తితే కుదరదు. యజమాని అంగీకారం, పశువైద్యుడి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. గ్రాఫిక్స్ కుక్క అయితే ఆ సంగతే రాతపూర్వకంగా ఇవ్వాలి.

పాప విషయం బాలకార్మిక చట్టం నిబంధనల్లో ఉంది. వాణిజ్యపరంగా తీసే సినిమాలో పిల్లలతో పని చేయించడానికి జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకి ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు మించకూడదు. పారితోషికం ఇస్తే కనీసం 20 శాతం పాప పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మీది క్లాసు ప్రాజెక్టే అయినా గంటల లెక్క మాత్రం పాటించండి, తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం తీసుకోండి. ఆ పత్రంలో సినిమా ఎక్కడెక్కడ చూపిస్తారో, ఏ వర్గం సర్టిఫికెట్ ఆశిస్తున్నారో కూడా రాయండి. తమ పాప ‘ఏ’ సినిమాలో ఉందని వాళ్ళకి పోస్టర్ చూశాక తెలియకూడదు.